ఎగ్జామ్ అయిన రాత్రికే టికెట్ బుక్ చేయకండి

సంపాదకులకు నమస్కారం,

మీ చదువు పేజీలో విదేశాలకి వెళ్ళడం గురించి చాలా వస్తుంటాయి, ఏ దేశం మంచిది, ఎంత ఖర్చవుతుంది, వీసాకి ఏ పేపర్లు కావాలి, ఇవన్నీ మా నాన్న కత్తిరించి ఫైల్లో పెట్టారు, నేను వెళ్ళేముందు నిజంగానే పనికొచ్చాయి కూడా. కానీ వెళ్ళినవాళ్ళు ఆఖర్లో ఎలా ఉండాలి, సెమిస్టర్ చివరి నాలుగైదు వారాలు ఏం చేయాలి అని ఎవరూ రాయట్లేదు. నా మట్టుకు నాకు మొత్తం సెమిస్టర్‌లో అసలైన భాగం అదే, దాన్నే మన ఇళ్ళల్లో, మన కాలేజీల్లో అందరూ కలిసి కోసేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మాది పెరంబూరు, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నుంగంబాక్కం మాక్స్‌ముల్లర్ భవన్‌లో కొంచెం జర్మన్ నేర్చుకుని 2025 సమ్మర్ సెమిస్టర్‌కి ఎక్స్చేంజ్ మీద హైడెల్‌బర్గ్ వెళ్ళా. మన ఊరికి జర్మనీ ఏం కొత్త కాదు, ఐఐటీ మద్రాసు 1959లో పశ్చిమ జర్మనీ సాయంతోనే మొదలైంది కదా. ఇక హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ అయితే 1386లో పెట్టింది, ఆ దేశంలో అన్నిటికన్నా పాతది. అక్కడ సమ్మర్ క్లాసులు ఏప్రిల్ మధ్యలో మొదలై జూలై చివరి దాకా నడుస్తాయి, కాగితాల లెక్కలో సెమిస్టర్ సెప్టెంబర్ 30కి గానీ అవదు.

మొదటి రెండు నెలలూ ఉత్త పేపర్లతోనే సరిపోతుంది, ఇది వెళ్ళొచ్చిన ఎవర్ని అడిగినా చెప్తారు. టౌన్ ఆఫీసులో అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంకు, ఇన్సూరెన్స్, క్లాసులకి పేరు రాయించుకోడం, ఒకటి అయితే ఇంకోటి. సెమినార్‌లో నోరు తెరవాలంటే భయం, ఏప్రిల్‌లో చలి ఇంకా పోదు, ఆదివారం షాపులన్నీ మూసేస్తారని తెలిసినా శనివారం సాయంత్రం దాకా గుర్తుండదు. జూన్ సగం దాటాక ఎప్పుడో ఒకరోజు చూస్తే అన్నీ తేలికైపోయి ఉంటాయి. బ్రెడ్డు షాపులో ఆవిడ నేనడగకముందే నాకు కావాల్సిన రొట్టె సంచిలో వేసేది, సెమినార్‌లో ప్రొఫెసర్ నా వైపు చూసి మీ మద్రాసులో దీన్నెలా చూస్తారు అని అడిగేవారు, నేనూ ఆగకుండా మాట్లాడేసేదాన్ని. సరిగ్గా ఆ టైముకే ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి, ఎగ్జామ్ పొద్దున అయిపోతే రాత్రికే ఫ్లైట్ ఉందంట కదమ్మా, ఇంకా అక్కడేం పని, వచ్చెయ్ అని.

మా ఫ్లోర్‌లో ఒక గుంటూరు అబ్బాయి ఉండేవాడు, వాళ్ళింట్లో అలాగే బుక్ చేసేశారు. ఎగ్జామ్ హాల్ బయట సూట్‌కేసు గోడకి ఆనించి లోపలికెళ్ళి రాసి, బయటికొచ్చి అందరికీ చెయ్యూపి అటు నుంచి అటే ఫ్రాంక్‌ఫర్ట్ బండి ఎక్కేశాడు. సెమిస్టర్ అంతా కష్టపడి చదివిన పిల్లాడు, ఊరి వెనకే ఉన్న క్యోనిగ్‌ష్టూల్ కొండ కూడా ఎక్కలేదు. 568 మీటర్లే, ఊళ్ళో ఉన్న పాత కోట దగ్గర్నుంచి అడవిలో రాతి మెట్లున్నాయి, కాళ్ళు నొప్పులైతే 1907 నాటి చెక్క బోగీల రైలు కూడా ఉంది, పైకి వెళ్తే నెకర్ నది మెలికలు తిరుగుతూ మైదానంలోకి పోవడం మొత్తం కనిపిస్తుంది. ఎగ్జామ్స్ అయ్యాక వెళ్దాంలే అనుకున్నాడు పాపం. వాడి బాధ నాకు బాగా తెలుసు, అందుకే కోపం కూడా వస్తుంది.

ఎంజాయ్ అనగానే మన పెద్దవాళ్ళకి డబ్బు తగలెయ్యడం, రాత్రిళ్ళు తిరగడం గుర్తొస్తాయి, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జూలైలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, నది ఒడ్డున నెకర్‌వీజె అని పెద్ద పచ్చిక మైదానం, ఊళ్ళో స్టూడెంట్లంతా అక్కడే, దుప్పటి పరుచుకుని పుస్తకం ముందేసుకుంటే బాతులొచ్చి బ్రెడ్డు కోసం చుట్టూ తిరుగుతుంటాయి, దీనికి పైసా ఖర్చు లేదు. నా సెమినార్ పేపర్ సగం అక్కడే కూర్చుని రాశా. జూలై రెండో శనివారం రాత్రి కోటకి ఎర్ర లైట్లు వేస్తారు, 1689లో, 1693లో ఫ్రెంచి సైన్యం దాన్ని తగలబెట్టిన దానికి గుర్తుగా, చూస్తుంటే కోట నిజంగా కాలుతున్నట్టే ఉంటుంది, తర్వాత పాత వంతెన దగ్గర బాణాసంచా, అదీ ఫ్రీనే. ఊరు దాటి వెళ్ళాలంటే డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, 2023 మేలో 49 యూరోలకి మొదలుపెట్టారు, నేనున్నప్పుడు నెలకి 58, ఫాస్ట్ రైళ్ళు తప్ప దేశంలో లోకల్ రైళ్ళు, బస్సులు, ట్రాములు అన్నీ దాంట్లోనే. పొద్దున వెళ్ళి ష్పేయర్ కేథడ్రల్ చూసి సాయంత్రానికి రూముకొచ్చేయొచ్చు. దగ్గర్లోనే ష్వెట్సింగన్ అనే ఊరుంది, తెల్ల ఆస్పరాగస్ అనే కాడల్లాంటి కూరగాయకి పేరు, జూన్ 24 దాటితే కోత ఆపేస్తారు కాబట్టి ఆఖరి వారం జనం ఎగబడి కొంటారు. నేనూ ఒక కట్ట తెచ్చి అమ్మ ఫోన్లో చెప్తుంటే మునక్కాయ ముక్కల్లా కోసి పులుసు పెట్టా, బాగా కుదిరింది.

యూనివర్సిటీ పాత బిల్డింగు వెనక స్టూడెంట్ల జైలు ఒకటుంది, అదీ ఆఖర్లోనే చూశా. 1778 నుంచి 1914 దాకా వాడారంట, రాత్రిపూట వీధిలో గోల చేసినా, పోలీసులకి ఎదురు తిరిగినా కొన్ని రోజులు లోపలేసేవాళ్ళు, క్లాసులకి మాత్రం పంపేవాళ్ళు. గోడలు, పైకప్పు అంతా ఖాళీ లేకుండా వాళ్ళ మొహాల నల్ల బొమ్మలు, పేర్లు, తేదీలు. ఏప్రిల్‌లో చూసుంటే టూరిస్టులా ఫోటో తీసుకుని వచ్చేసేదాన్ని. జూలైలో చూస్తే వీళ్ళూ నాలాగే ఈ మెట్లెక్కి దిగినవాళ్ళే అనిపించి చాలాసేపు ఒక్కో పేరూ చదువుతూ నిలబడిపోయా.

రూములు ఖాళీ చేసే రోజులైతే ఇంకా బాగుంటాయి. ఎవరికి వాళ్ళు తీసుకెళ్ళలేనివి, గిన్నెలు, లాంపు, బియ్యం సగం ప్యాకెట్, అట్టపెట్టెలో పెట్టి ఊరికే తీసుకోండి అని రాసి మెట్ల దగ్గర పెడతారు. నా దగ్గర కొంచెం చింతపండు, ఆవాలు, ఇంగువ డబ్బా మిగిలాయి. అందరూ ఉండగానే పులిహోర కలిపా, పల్లీలు వేగుతుంటే టర్కీ అమ్మాయి పక్కన నిలబడి వీడియో తీసుకుంది, బ్రెజిల్ అబ్బాయి కరివేపాకు ఏరి పక్కన పెట్టకుండా నమిలి తినేశాడు, ఒక జర్మన్ అమ్మాయి గిన్నెకి అంటుకున్న పసుపు మెతుకులు కూడా గరిటెతో గీకి పెట్టించుకుంది. అక్టోబర్ దాకా ఉంటావా అని అడిగింది. ఇన్ని నెలలు పక్క రూములో ఉండి హలో తప్ప మాట్లాడని పిల్ల, ఆ రాత్రి ఒంటిగంట దాకా వాళ్ళ అమ్మమ్మ గురించి చెప్తూనే ఉంది.

కాలేజీలకి కూడా ఒక మాట. మన దగ్గర జూన్, జూలైల్లో క్లాసులు తెరిచేస్తారు, అక్కడేమో జూలై చివరికి గానీ అవవు. ఎక్స్చేంజ్‌కి పంపేది కాలేజీయే, సంతకం పెట్టేది కాలేజీయే, మళ్ళీ జూలై రాగానే అటెండెన్స్ తగ్గుతోంది, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ మొదలైంది అని మెయిళ్ళు పెట్టేదీ కాలేజీయే. పిల్లలు అక్కడ ఎగ్జామ్‌కి చదవాలా, ఈ మెయిళ్ళకి జవాబులు రాసుకుంటూ కూర్చోవాలా? అక్కడి క్యాలెండర్ ముందే తెలుసు కదా. ఎక్స్చేంజ్‌లో ఉన్నవాళ్ళకి ఆగస్టు చివరి దాకా అటెండెన్స్ లెక్కలోంచి తీసేస్తే ఎవరికీ ఏ నష్టం లేదు.

వెళ్ళే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి చెప్పేదొకటే, వచ్చేముందు చేసే పేపర్ పనంతా ఆఖరి వారానికి మిగల్చకండి. హాస్టల్‌కి ఖాళీ చేస్తున్నాం అని నోటీసు, డిపాజిట్ ఏ అకౌంట్లో వేయాలో ఆ ఫారం, సిమ్ కాన్సిల్ చేయడం, ఇవన్నీ జూన్‌లోనే మొదలుపెట్టేయొచ్చు. అడ్రస్ రద్దు చేయించే అబ్‌మెల్డుంగ్ మాత్రం రూము వదలడానికి వారం ముందు నుంచే తీసుకుంటారు, ఆ కాగితం ఉంటేనే నెలకి 18.36 యూరోల రేడియో టీవీ ఫీజు ఆగుతుంది, కాబట్టి దాన్ని మర్చిపోకండి. ఇవి అయిపోతే మిగతా రోజులన్నీ మీవే. కవి ఇక్బాల్ కూడా 1907లో ఆ ఊళ్ళో కొన్ని నెలలే ఉన్నారు, నది ఒడ్డున ఒక రోడ్డుకి ఇప్పటికీ ఆయన పేరుంది, ఆ ఒడ్డున సాయంత్రం మీద ఆయన కవిత కూడా రాశారు. కొన్ని నెలలకే అంత దగ్గరవుతుంది ఊరు, కానీ నిదానంగా కూర్చుని చూసే తీరిక ఉండాలి కదా.

ఇప్పుడు వింటర్ సెమిస్టర్‌కి వెళ్ళినవాళ్ళకి ఫిబ్రవరిలో క్లాసులు అయిపోతాయి. 2026లో ఫిబ్రవరి 16న కొలోన్, మైన్జ్ లాంటి రైన్ నది ఒడ్డు ఊళ్ళల్లో కార్నివాల్ సోమవారం, రోడ్ల మీద జనం వేషాలేసుకుని ఊరేగుతారు, ఆ ముందు వారమే పిల్లల్ని వెనక్కి రప్పించేస్తే అన్యాయం. అమ్మానాన్నలు రిటర్న్ టికెట్లు చూసేది డిసెంబర్, జనవరిల్లోనే కాబట్టి, వెళ్ళొచ్చిన పిల్లల చేత ఆఖరి వారాల గురించి మీ చదువు పేజీలో ఆలోపే ఒక్కసారి రాయించండి. మా పెరంబూరులోనే ఇద్దరు ముగ్గురం ఉన్నాం, అడిగితే సంతోషంగా రాస్తాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై