ఎంఎంటీఎస్‌కు సొంత పట్టాలు కావాలి

సంపాదకుల వారికి,

హైదరాబాద్‌లో 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు ఇరవై ఏళ్లు దాటినా జనం గడియారం చూసి నమ్ముకునే రవాణాగా ఎదగలేదు. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు నడిచే పట్టాల మీదే చాలావరకు వీటినీ నడపవలసి రావడమే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి లోకల్ రైలును సిగ్నల్ దగ్గర నిలిపివేస్తే, ఆ కాస్త ఆలస్యానికే దినకూలీ ఆనాటి పని పోగొట్టుకోవచ్చు, విద్యార్థి పరీక్షకు అందుకోలేకపోవచ్చు.

మూడింట రెండు వంతుల ఖర్చు రాష్ట్రం, మిగిలినది రైల్వే భరించేలా చేపట్టిన రెండో దశలో 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్‌లకు, 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ మార్గం మీదుగా ఘట్‌కేసర్‌కు రైళ్లు వచ్చాయి. సికింద్రాబాద్ రద్దీలో చిక్కుకోకుండా తూర్పు శివార్లను లింగంపల్లి వైపు కలిపే ఈ చివరి మార్గం నగరానికి దక్కిన గొప్ప ఆస్తి. జంట పట్టాలు, విద్యుత్ తీగలు సిద్ధమయ్యాక కూడా దానిపై కొద్దిపాటి రైళ్లే నడపడం బాధాకరం.

రద్దీ వేళల్లో ఇరవై నిమిషాలకొక రైలు నడపాలి. బేగంపేట, ఖైరతాబాద్, భరత్‌నగర్‌లలో మెట్రోకు సులువుగా మారే నడకదారులు, శివారు స్టేషన్లకు రైలు వేళలను బట్టి ఆర్టీసీ బస్సులు ఏర్పాటు చేయాలి. కొత్త పట్టాలకు భూమి కేటాయింపును ప్రభుత్వాలు ఇప్పుడే తేల్చాలి. శివార్లలో ఖాళీ జాగా ఏటేటా తరిగిపోతోంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, ఘట్‌కేసర్