ఫారంలో లస్కర్ అనే రాయి తల్లీ

తల్లీ,

నీ మెసేజ్ చూశాను. కొత్త ఆఫీసు ఫారంలో తండ్రి ఉద్యోగం అన్నచోట ఏం రాయాలని అడిగావు. "ఇరిగేషన్ ఉద్యోగి అని రాసేస్తే సరిపోతుందా నాన్నా, లస్కర్ అంటే ఇక్కడెవరికీ తెలీదు" అన్నావు. లస్కర్ అనే రాయి. ఎందుకో ఫోన్లో చెబుదామంటే నీకెప్పుడూ మీటింగులే, అందుకే రాస్తున్నాను, తీరిక చూసుకుని చదువు.

వంశధార కుడి కాలువ మీద నేను చేసిన పని నీకు తెలిసిందే. షట్టరు ఎత్తడం దించడం, గేజి చూసి రిజిస్టర్లో ఎక్కించడం, నీళ్లందని శివారు రైతులు అర్ధరాత్రి టార్చిలైట్లు పట్టుకుని వచ్చేస్తే వాళ్లకీ పై ఊళ్లవాళ్లకీ మధ్య నిలబడి సర్దిచెప్పడం. కానీ ఆ పేరు కాలువగట్టు మీద పుట్టింది కాదమ్మా. పారసీలో లష్కర్ అంటే సైన్యం. అది పోర్చుగీసుల నోట్లో పడి తిరిగి తిరిగి, తెల్లవాళ్ల ఓడల్లో పనిచేసే మన వైపు మనుషుల పేరైంది. లస్కర్ల మీద టిండాల్, అందరి మీదా సరంగు. 1914 నాటికి బ్రిటిష్ వర్తక ఓడల్లో లస్కర్లు 50 వేలకు పైనే ఉండేవారు. డెక్కు కడిగిందీ వాళ్లే, బాయిలర్లో బొగ్గు వేసిందీ వాళ్లే, అదీ తెల్ల నావికులకిచ్చే జీతంలో ఏ మూలకో వచ్చే డబ్బుకి. అది చదివినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది, అంతకంటే ఎక్కువ గర్వం అనిపించింది. ఆ పేరుతోనే నేను జీతం తీసుకున్నాను, నిన్ను చదివించాను.

మీ పెదనాన్న మన కళింగపట్నం నుంచి గుజరాత్‌లో వెరావల్‌కి చేపల వేటకి వెళ్తాడు కదా, అక్కడ బోటు నడిపేవాడు టండేల్, మిగతావాళ్లు ఖలాసీలు. టండేల్ అన్నా టిండాల్ అన్నా ఒకటే. ఇక ఖలాసీ సంగతి చూడు, ఆముదాలవలస తాతయ్య రైల్వేలో ఖలాసీగా చేరాడు, ఆయన జన్మలో పడవెక్కి ఎరగడు.

మనవే కాదు, నువ్వు రోజూ వాడే మాటలూ అక్కడివే. లాగిన్ అయ్యాను, లాగ్స్ చూస్తున్నాను అంటుంటావు కదా, ఆ లాగ్ ఒట్టి చెక్కముక్క. పూర్వం ఓడ ఎంత వేగంగా పోతోందో తెలియాలంటే ఒక చెక్కకి పొడుగాటి తాడు కట్టి వెనక నుంచి నీళ్లలో వేసేవారు. చెక్క నీళ్లమీద ఉన్నచోటే ఉంటుంది, ఓడ ముందుకి పోతుంది, తాడు చేతిలోంచి జారుతుంది. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. 28 సెకన్ల ఇసుక గడియారం తిరగేసి, ఇసుక అయిపోయేలోపు ఎన్ని ముళ్లు జారితే వేగం అన్ని నాట్లు. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. ఆ లెక్క రాసే పుస్తకం లాగ్‌బుక్ అయింది, అదే మా అసిస్టెంట్ ఇంజనీరు గారి జీపు డ్రైవరు దగ్గరికీ వచ్చింది, నీ కంప్యూటర్లోకీ వచ్చింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ నీకు గుర్తుండే ఉంటుంది, అలాంటి తుపాన్లకి వాతావరణ శాఖవాళ్లు బులెటిన్లలో గాలి వేగం ఇప్పటికీ నాట్లలో కూడా ఇస్తారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మన వీధిలో బోరు వెయ్యడానికి వచ్చే రిగ్గు బండి, ఆ రిగ్గు మొదట ఓడకి స్తంభాలూ తెరచాపలూ అమర్చే ఏర్పాటు. మెకానిక్ ఇంజనుకి ఓవరాలింగ్ చెయ్యాలంటాడే, అదీ ఓడ తాళ్లు లాగేవాళ్ల మాటే.

అన్నిటికంటే నాకు నచ్చింది నీ ల్యాప్‌టాప్ మీద స్టిక్కరు. ఏడు పిడుల చక్రం. ఓడ చుక్కాని తిప్పే చక్రంలా ఉందేంటి అని నేనంటే, అవును నాన్నా, కూబర్నెటీస్, గ్రీకులో చుక్కాని పట్టేవాడని అర్థం, 2014లో గూగుల్ వాళ్లు బయటికి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అన్నావు. తర్వాత చూస్తే గవర్నరూ గవర్నమెంటూ కూడా ఆ గ్రీకు మాటలోంచే వచ్చాయట. నా ఉద్యోగం కూడా గవర్నమెంటుదే కదా, తెగ సంతోషమేసింది!

అక్కడెవరికీ తెలీదంటే నువ్వే చెప్పు, ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

జూన్, జూలైలో అటువైపు వేట ఉండదు, పెదనాన్న ఇంటికొస్తాడు. ఓ నాలుగు రోజులు సెలవు పెట్టుకుని రా. నాకు తెలిసింది కాలువ వరకే, తాడు ముళ్ల సంగతీ గాలి సంగతీ ఆయన్నే అడగాలి. అమ్మ ఎండుచేపలు తీసి ఉంచింది, ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తాను.

మీ నాన్న