అనొరెక్సియా చికిత్సలో అమ్మానాన్నలను గది బయట కూర్చోబెట్టొద్దు

సంపాదకుడు గారికి,

టీనేజీ పిల్లల్లో అనొరెక్సియా నెర్వోసా గురించి, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే మానసిక జబ్బు గురించి, మీరు వేసిన వ్యాసం చదివాను. రావలసిన వ్యాసమే. అయితే ఇంట్లోవాళ్లను దూరం పెట్టి, పిల్లతో థెరపిస్టు ఏకాంతంగా మాట్లాడటమే సరైన చికిత్స అన్నట్టు రాశారు. దానితో నేను ఏకీభవించను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇలాంటి రోగులను చూసుకోవడానికి బంధువులు పనికిరారని విలియం గల్ అనే బ్రిటిష్ వైద్యుడు 1870లలోనే రాశాడు. ఆ తర్వాత చాలాకాలం నింద తల్లుల మీదే పడింది. లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రి పరిశోధకులు 1987లో వెలువరించిన ఫలితాలు వేరే సంగతి చెప్పాయి. చిన్న వయసులో జబ్బు మొదలై, అది మూడేళ్లకు మించి సాగనివాళ్లకు, రోగితో విడిగా చేసే వ్యక్తిగత థెరపీ కన్నా ఇంట్లోవాళ్లనూ కలుపుకుని చేసే ఫ్యామిలీ థెరపీయే ఎక్కువ మేలు చేసింది.

రెండు పద్ధతులనూ ముఖాముఖి పోల్చిన ప్రధాన అధ్యయనం 2010లో వచ్చింది. అమెరికాలో జేమ్స్ లాక్, డేనియల్ లె గ్రాంజ్ బృందం 12 నుంచి 18 ఏళ్ల వయసున్న 121 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఏడాదిపాటు చికిత్స ఇచ్చింది. చికిత్స పూర్తయ్యేసరికి ఫ్యామిలీ థెరపీలో 42 శాతం, వ్యక్తిగత థెరపీలో 23 శాతం పూర్తిగా కోలుకున్నారు. గణాంకాల లెక్కన అప్పటికి ఆ తేడాను ఖాయంగా నమ్మలేం. మరో ఏడాదికి అది 49, 23 అయింది. ఈసారి ఆ తేడా గణాంకాల లెక్కకూ నిలిచింది. అయినా సగంమంది పూర్తిగా కోలుకోలేదు కదా, ఇది మంత్రదండమని నేను అనను.

ఎందుకిలా? వ్యక్తిగత థెరపీలో పిల్లే తన భావాలను అర్థం చేసుకుని, తన తిండి బాధ్యత తానే తీసుకోవాలి. మంచి ఆలోచనే. కానీ తనకు జబ్బుందనే ఒప్పుకోని పిల్లకు, పైగా తిండి లేక ఆలోచనే మందగించినప్పుడు, అది తలకు మించిన భారం. ఫ్యామిలీ థెరపీలో ఏం తినాలో, ఎంత తినాలో మొదట అమ్మానాన్నలు నిర్ణయిస్తారు. బరువు పెరిగేకొద్దీ ఆ అధికారాన్ని పిల్లకు తిరిగి అప్పగిస్తారు. ఈడుకు తగ్గ మిగతా సమస్యలు ఆ తర్వాతే.

నాలుగేళ్ల తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ ఎముకలు బలపడే వయసులో త్వరగా కోలుకోవడం చిన్న విషయమా?

అలాగని అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాలనీ లేదు. పిల్లను మాటిమాటికీ తప్పుపట్టే ఇళ్లలో తల్లిదండ్రులతో విడిగా, పిల్లతో విడిగా మాట్లాడితేనే ఫలితం బాగుందని మాడ్స్‌లీ పరిశోధకులే తర్వాత గమనించారు. ఇంట్లోనే హింస ఉంటే వ్యక్తిగత థెరపీ తప్పదు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ముందు ఫ్యామిలీ థెరపీ ఇవ్వమని, అది కుదరకపోతేనే వ్యక్తిగత పద్ధతులకు వెళ్లమని చెబుతున్నాయి.

మీ వ్యాసంలో అసలు ప్రస్తావనకే రాని సంగతి ఒకటుంది. ఈ చికిత్స మొదటి వారాల్లో ప్రతి పూటా పెద్దవాళ్లు ఒకరు పిల్ల పక్కన కూర్చోవాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, ఒంటరి తల్లులు అదెలా చేస్తారు? పిల్లను ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఇచ్చే సెలవును ఇంట్లో చేసే ఈ చికిత్సకూ ఇవ్వాలని యాజమాన్యాలను, ప్రభుత్వాలను మీ పత్రిక గట్టిగా అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు