బ్రౌజర్ ఎంపిక మా చేతిలోనే ఉండనివ్వండి: కేంద్ర ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఈ మధ్య ఒక ప్రభుత్వ సైటులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌తో ఫారం అంతా నింపాను. తీరా చూస్తే సబ్మిట్ బటన్ నొక్కుడు పడలేదు. పైన ఎర్ర అక్షరాల్లో 'క్రోమ్‌లో మాత్రమే తెరవండి' అని ఉంది. గడువేమో ఆ రోజే. ఎంత టెన్షన్ పడ్డానో!

ఇది ఒక్క సైటు నిర్లక్ష్యమే అయితే సర్దుకుపోవచ్చు. కానీ 2023లో గూగుల్ ఇంజనీర్లు 'వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటెగ్రిటీ' అనే ప్రతిపాదన తెచ్చారు. దాని ప్రకారం మన పరికరం, బ్రౌజర్ నమ్మదగినవేనని మరో సంస్థ డిజిటల్ సంతకం పెట్టి టోకెన్ (ఒక రకం ధ్రువపత్రం) ఇవ్వాలి. అది చూసి సైటు మనల్ని రానివ్వాలో వద్దో తేల్చుకుంటుంది. పాత కంప్యూటర్‌లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని చదువుకునే పిల్లలకు ఆ టోకెన్ ఎవరిస్తారు? వేరే బ్రౌజర్లు తయారుచేసే మొజిల్లా, బ్రేవ్, వివాల్డి గట్టిగా వ్యతిరేకించాక, నవంబర్‌లో గూగుల్ వెనక్కి తగ్గింది. అయినా నాకు భయం పోలేదు. ఆండ్రాయిడ్ యాప్‌లలో ఇలాంటి తనిఖీ ఇప్పటికే నడుస్తోంది.

అదే ఏడాది మీ శాఖ స్వదేశీ బ్రౌజర్ కోసం పోటీ పెట్టింది. చాలా సంతోషం. మరి రేపు ఆ బ్రౌజర్ కూడా ఒక విదేశీ కంపెనీ టోకెన్ కోసం చెయ్యి చాచాల్సి వస్తే?

ప్రభుత్వ సైట్లు ఏ ప్రామాణిక బ్రౌజర్‌లోనైనా తెరుచుకోవాలని ఉత్తర్వు ఇవ్వండి. ఇలాంటి ప్రతిపాదన మళ్లీ వస్తే భారత్ తరఫున అభ్యంతరం నమోదు చేయించండి.

ఇట్లు,
ఒక తెలుగు వెబ్ డెవలపర్