గ్రంథాలయంలో ఫొటోల పాఠం

సంపాదకుల వారికి,

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో అటకెక్కిన ఆల్బమ్‌లలో గంగ జాతర వేషాలూ చంద్రగిరి కోట ముందు దిగిన గ్రూపు ఫొటోలూ చెమ్మకు అంటుకుపోతున్నాయి. వాటిని ఆన్‌లైన్లో దాచడం, పంచుకోవడం నేర్పడానికి గ్రంథాలయాన్ని మించిన చోటు లేదు. కాకపోతే ఎక్కడ చెడుతుందో ముందే తెలియాలి.

మొదటి చిక్కు అకౌంటుదే. ఉద్యోగి సొంత జీమెయిల్‌తో తెరిస్తే, ఆయన బదిలీ అయ్యాక కూడా ఓటీపీ ఆయన ఫోనుకే పోతుంది. గ్రంథాలయం పేరనే మెయిల్, ఆఫీసు నంబరు ఉండాలి. రెండేళ్లు ముట్టుకోని అకౌంటును గూగుల్ తీసేయొచ్చు.

స్కాన్ సంగతికొస్తే, 4×6 అంగుళాల ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) సరిపోతుంది. 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. అదే టిఫ్‌గా, అంటే నాణ్యత తగ్గని పెద్ద ఫైలుగా, దాస్తే సుమారు 26 ఎంబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఇలాంటివి ఆరువందలు కూడా పట్టవు, పైగా అందులోనే మెయిళ్లూ ఉంటాయి. అందుకే టిఫ్ హార్డ్‌డిస్కుకు, కుదించిన చిన్న ఫైలైన జేపెగ్ నెట్‌కు. ఫొటోలు పంచుకునే సైటు ఫ్లికర్‌లోనూ ఉచిత అకౌంటుకు వెయ్యి ఫొటోల వరకే. ప్లాస్టిక్ కాగితానికి అతుక్కున్న ఫొటోను పీకితే పైపొర ఊడొస్తుంది. దాన్నలాగే కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ ఆపి, ఫోనుతో తీయడమే మేలు. ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

అందరూ మరిచేది తేదీ. 1968 నాటి పెళ్లి ఫొటోను ఇవాళ స్కాన్ చేస్తే ఇవాళ్టి తేదీకిందే కూర్చుంటుంది. ఫ్లికర్‌లో 'తీసిన తేదీ' మార్చుకోవచ్చు, ఏడాది సరిగ్గా తెలియకపోతే 'సుమారు' అనీ పెట్టొచ్చు. ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలుగా వదిలేస్తే ఎవరికీ దొరకదు. 'చంద్రగిరి కోట, రాజమహల్, తూర్పు వైపు' అని తెలుగులో రాసి, వివరంలో ఇంగ్లీషు పేరూ చేర్చాలి.

అసలు గొడవ హక్కులది. ఫొటో మన బీరువాలో ఉన్నంత మాత్రాన హక్కు మనది కాదు. మామూలుగా తీసినవారిదే, వారు పోయాక మరో అరవై ఏళ్లు వారసులది. డబ్బిచ్చి తీయించుకున్న స్టూడియో ఫొటోలకు లెక్క వేరు. ఎవరైనా వాడుకునేలా ఫొటోలు దాచే సైటు వికీమీడియా కామన్స్‌లో పాత ఫొటోను స్కాన్ చేసి 'నా సొంత పని' అని టిక్కు పెడితే తొలగిస్తారు. వ్యాపారానికి వాడరాదన్న షరతునూ అక్కడ ఒప్పుకోరు. పిల్లల ఫొటోలైతే ఫైలులో నమోదైన లొకేషన్ తీసేశాకే ఎక్కించాలి.

అందరూ వాడే కంప్యూటరు గనక 'పాస్‌వర్డు దాచనా?' అని అడిగితే వద్దనాలి, లేచేముందు సైనవుట్ కావాలి. ఇది పాఠం చివర్లో కాదు, మొదట్లోనే చెప్పాలి.

నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో, పోటీల పక్కన రెండు గంటలు దీనికిస్తే చాలు. ఒక్కొక్కరు ఐదు ఫొటోలే తేవాలని ముందే బోర్డు పెట్టండి. ఆల్బమ్ మొత్తం మోసుకొస్తే వివరం రాయకుండానే ఎక్కించేస్తారు.

– గ్రంథాలయ పాఠకులు, తిరుపతి