వార్షిక నివేదిక: రంగు పోకుండా బీడింగులు ఊడదీయడం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సభ్యత్వాల రెన్యువల్, ఇన్సూరెన్స్ శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి చదువుతారు. జనం బాగా వచ్చింది మాత్రం ఆదివారాలు పొద్దున పెట్టుకున్న క్లాసులకే. కారుకు అతికించిన బీడింగులు (డోర్ల మీద ఉండే పట్టీలు), డోర్ వైజర్లు (కిటికీల పైన వానకు అడ్డుగా ఉండేవి), క్రోమ్ పట్టీలు, ఎంబ్లమ్‌లు రంగు చెడకుండా ఎలా తీయాలన్నదే అక్కడి పాఠం. రాలేకపోయినవాళ్ల కోసం దాని గురించే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

దీనికి కారణం మన సభ్యుడొకరి కారు. అమ్మకానికి పెట్టేముందు డోర్ల బీడింగు తీయించాలని ఊళ్లోనే ఒక షాపులో ఇచ్చారు. అక్కడి కుర్రాడు స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాడు. బీడింగుతో పాటు అరచెయ్యంత రంగు, దాని కింద సొట్టలు పూడ్చిన పుట్టీ కూడా లేచొచ్చాయి. "పాత బండి కదా సార్" అన్నారట.

స్క్రూడ్రైవర్ తప్పే. కానీ ఆ డోరుకు అంతకుముందే రీపెయింట్ అయింది. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారైన బండైనా, ఇంకెక్కడ తయారైనదైనా, ఫ్యాక్టరీలో రంగును దాదాపు 140 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. షెడ్డులో వేసిన రంగుకు ఆ పట్టు రాదు. అందుకే పని మొదలుపెట్టే ముందు డోరు రబ్బర్ల అంచుల్లో స్ప్రే చుక్కలున్నాయేమో చూడాలి. బట్టలో చుట్టిన అయస్కాంతం ఆనించి చూడాలి. ఒకచోట పట్టు తగ్గితే లోపల పుట్టీ ఉన్నట్టే. అలాంటి ప్యానెల్ మీద బీడింగు ఊడకపోతే వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

"అనంతపురం ఎండకు హీట్ గన్ ఎందుకు, మధ్యాహ్నం బయట పెడితే చాలదా?" అని క్లాసులో పెద్ద వాదనే నడిచింది. చాలదు. రేకంతా కాలిపోయి చెయ్యి ఆనించలేం, తుడిచే మందు పనిచేసేలోపే ఆరిపోతుంది. పైగా ఏళ్ల తరబడి ఎండకు మాడిన, బీడింగును అతికించిన డబుల్ సైడ్ టేపు పొడిపొడిగా తెగి సగం రంగు మీదే ఉండిపోతుంది. నీడలో పెట్టి, ముందు బాగా కడగాలి. మన దుమ్ము బీడింగు కింద ఇరుక్కుని ఉంటే, తర్వాత టేపు కోయడానికి దారం కదిపినప్పుడల్లా ఉప్పుకాగితంలా గీస్తుంది. తర్వాత బీడింగుకు పైనా కిందా మాస్కింగ్ టేపు వేసి, హెయిర్ డ్రయ్యర్‌తో జానెడు జానెడు చొప్పున వేడిచేయాలి. మునిచెయ్యి ఆనిస్తే ఒకటి రెండు సెకన్లు ఓర్చుకోగలిగేంత వేడి చాలు. హీట్ గన్ అయితే ఒకచోట ఆపకూడదు. ప్లాస్టిక్ బంపర్ల దగ్గర దాన్ని అసలు తీయొద్దు.

మెత్తబడ్డాక నైలాన్ గాలం దారం రెండు కొసలకూ చిన్న పుల్లలు కట్టి, బీడింగు వెనక రంపంలా అటూ ఇటూ లాగాలి. టేపులోని స్పాంజి మధ్యలోకి తెగుతుంది. దారం రంగుకు రాసుకోకుండా కాస్త బీడింగు వైపే ఒత్తి పట్టాలి. ఎంబ్లమ్‌లకు కొన్నింటికి వెనక పిన్నులుంటాయి, అవి రేకు చిల్లుల్లోకి దిగి ఉంటాయి. దారం అడ్డం తగిలితే బలవంతం చేయొద్దు.

మిగిలిన జిగురును మళ్లీ వెచ్చచేసి బొటనవేలితో దొర్లిస్తే చాలావరకు వస్తుంది. మొండిదైతే డ్రిల్లుకు రబ్బర్ వీల్ తగిలించి, తక్కువ స్పీడులో కదుపుతూ తీయాలి. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అది దొరక్కపోతే బట్టకు కొంచెం కిరోసిన్ అద్ది తుడిచి, వెంటనే సబ్బునీళ్లతో కడగాలి. థిన్నర్ వద్దే వద్దు, రీపెయింట్‌ను కరిగించేస్తుంది. చుట్టూ రంగు వెలిసి పట్టీ కిందది కొత్తగా ఉంటే గీత కనిపిస్తుంది. పాలిష్‌తో తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని ఎవరికీ మాటివ్వలేం.

హీట్ గన్, రబ్బర్ వీల్ ఆఫీసులో ఉన్నాయి. రిజిస్టర్‌లో సంతకం చేసి తీసుకెళ్లి, మర్నాడు తెచ్చివ్వాలి. రంగు మందం కొలిచే మీటరు కొనాలని కార్యవర్గం ప్రతిపాదన. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది కాబట్టి, అంతకు బాగా ఎక్కువ చూపిస్తే రీపెయింట్ అని తెలిసిపోతుంది. దీనిపై ఈరోజే ఓటింగు.

కార్యదర్శి