విద్యాధికారి గారూ, ఒక్కసారి ఆ గేటు దగ్గర నిలబడి చూడండి
నమస్కారం. మా పాప రెండో తరగతి. మొన్న పాపని తీసుకురావడానికి నేను పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లేసరికి బడి గేటు బార్లా తెరిచి ఉంది, కాపలా మనిషి లేడు, పాప బ్యాగు ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన ఒక్కతే కూర్చుంది. "ఎవరైనా పిలిస్తే వెళ్లిపోతావా?" అంటే "అమ్మ పంపిందంటే వెళ్తా" అంది.

సీసీ కెమెరాలు పెట్టించామంటారు, సంతోషమే, కానీ కెమెరా జరిగింది చూపిస్తుందే తప్ప జరగకుండా ఆపదు కదండీ. పిల్లని ఎవరికి అప్పగించారో రాసే రిజిస్టరు, బస్సు డ్రైవరుతో సహా ప్రతి ఉద్యోగి గురించీ ముందే విచారణ, ఇవి కావాలి. పిల్లల్ని హింస నుంచి కాపాడాల్సింది ప్రభుత్వాలేనని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 19వ అధికరణమే చెబుతోంది. ఏదైనా జరిగితే పిల్లలు ఎవరికి చెప్పుకోవాలని అడిగితే హెడ్‌మాస్టరు గారు నవ్వేశారు (నాకు నవ్వు రాలేదు). ఈ వారంలోనే, ముందు చెప్పకుండా, బడి వదిలే టైముకి రండి.